గుడ్డ చిక్కిన చోటు

ఈ ఉదయం నా చేతికి మళ్లీ ఆ వాసన అంటింది. క్రేన్ తాడుకు పట్టించే నల్ల గ్రీజు, దాని కింద తడి ఇనుము, పక్కనే హుగ్లీ నది బురద. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. ఎప్పుడూ ఉండే వాసనే కదా అని ఊరుకునేదాన్ని. కానీ పది గంటలకి పెద్ద ఇంజనీరు గారు గదికి రమ్మన్నారని కబురొచ్చింది. మూడోసారి సబ్బు అందుకున్నాను. ఎందుకు పిలిచారో నాకు తెలుసు. మెట్లెక్కుతున్నంతసేపూ సూరయ్య మావయ్యే గుర్తొచ్చాడు.

మావయ్య అంటే చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వాట్‌గంజ్ పేటలో మా ఇళ్ల వరసలోనే కాపురమున్న మనిషి. నది ఒడ్డున ఒక ప్రభుత్వ యార్డులో క్రేన్ల తాళ్లు చూసే మేస్త్రీ. ఏ యార్డో పేరు చెప్పను, అడగకండి. బెంగాలీలు అన్న అనే అర్థంలో సూర్జోదా అనేవారు, తెలుగువాళ్లకు మావయ్య. డిప్లొమా పట్టుకుని నేను అక్కడ టెక్నీషియన్‌గా చేరితే నన్ను ఆయన కిందే వేశారు. నేను పుట్టు పిరికిదాన్ని. ఆ సంగతి ఆయన మొదటి వారమే కనిపెట్టేశాడు, కానీ ఎప్పుడూ నలుగురిలో అనలేదు.

క్రేన్ తాడంటే సన్నటి ఉక్కు తీగలు కలిపి పేనినది. ఒక్కో తీగా తెగుతున్నా, పైన గ్రీజు పూస్తే కంటికి కనపడదు. అందరూ కిందనుంచి మెడ ఎత్తి చూసి రిజిస్టరులో 'బాగుంది' అని రాసేవారు. మావయ్య మాత్రం క్రేన్ ఆపించేవాడు. పక్క పేట మెటియాబ్రుజ్‌లో దర్జీలను అడిగి తెచ్చుకున్న తెల్ల గుడ్డముక్కను తాడు చుట్టూ వదులుగా పట్టుకుని, పొడుగునా లాక్కుంటూ వెళ్లేవాడు. తీగ తెగిన చోట గుడ్డ చిక్కుకునేది. "ఏలు ఎట్టకు పాపా, కోసుకుపోద్ది. గుడ్డ ఎట్టు, దానికి తెలిసిపోద్ది" అన్నాడు మొదటిరోజు. యార్డు మొత్తం మీద ఈ పద్ధతి ఆయనొక్కడిదే. సూర్జోదా తాడుకి ఒళ్లు తుడుస్తున్నాడని మిగతావాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వాను, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వర్షాకాలం మూడో క్రేన్ తాడు మీద గుడ్డ ఏడుచోట్ల చిక్కింది. అప్పటికే ఆ తాడు తీసేసి కొత్తది బిగించినట్టు కాగితాలున్నాయి. తాడు మాత్రం పాతదే, పైన గ్రీజు కొత్తది. దాని కింద రోజూ మనుషులు నిలబడి పనిచేస్తారు. మావయ్య వెళ్లి అప్పటి సెక్షన్ ఆఫీసరుకు చెప్పాడు. ఆయన కాగితం చూపించి, "ఇందులో కొత్తదని ఉంది కదా" అన్నాడు. "కాగితం కొత్తదే సార్, తాడే పాతది" అన్నాడు మావయ్య. మర్నాటి నుంచి ఆయన్ని మూడో క్రేన్ దగ్గరికి వెళ్లనివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించాడు. "ఇంగ్లీషులో ఒక కంప్లైంటు రాసిపెట్టాల పాపా. పేరు లేని ఉత్తరం పైన విజిలెన్సోళ్లు సూడరంట. పేరు ఏరే కాయితం మీద రాసి, కవరు అంటించి పంపితే, ఆ పేరు ఎవులికీ సెప్పకూడదని రూలుందంట" అన్నాడు. రూలు నేనూ చదివాను. నిఘా అధికారులు పేరు దాచాలి, ఫిర్యాదు చేసిన ఉద్యోగిని ఎవరూ వేధించకూడదు. చదవడానికి ఎంతో బాగుంది. రాయడానికి కూర్చుంటే మాత్రం మొదటి కాగితం సగంలోనే చింపేశాను. కిటికీ బయట ఎవరు దగ్గినా కలం ఆపేదాన్ని. ఫిర్యాదులో ఎక్కడా ఆయన పేరు రాకుండా చూసుకున్నాను. మావయ్య చెప్పింది చెప్పినట్టు, 'మూడో క్రేన్ తాడును గుడ్డతో చూడగా ఏడుచోట్ల చిక్కింది' అని రాశాను.

నెలన్నరకి పైనుంచి మనుషులొచ్చారు. తాడు దింపించి కోయించి చూశారు. మావయ్య చెప్పిన చోటల్లా తీగలు తెగి ఉన్నాయి. తాడు మారింది. నా సంతోషం ఆ వారం కూడా నిలవలేదు. పేరున్న కాగితాన్ని పైవాళ్లు దాచారు, అది నిజం. ఫిర్యాదు నకలు మాత్రం కిందికొచ్చింది. ఆఫీసరు మా అందరినీ నిలబెట్టి ఆ ఒక్క వాక్యం చదివాడు. తర్వాత మావయ్య జేబులోంచి వేలాడుతున్న తెల్ల గుడ్డ వైపు చూశాడు. నా చేత్తో నేనే ఆయన్ని పట్టించాను.

"ఇంగ్లీషు ఎవరు రాసిచ్చారు?" అని అడిగాడు ఆఫీసరు.

"నేనే రాసుకున్నాను సార్" అన్నాడు మావయ్య. ఆయనకి ఇంగ్లీషులో సంతకం తప్ప ఇంకేమీ రాదని అక్కడ అందరికీ తెలుసు.

వారం తిరక్కుండా ఆయన్ని పాత ఇనుము షెడ్డుకి మార్చారు. టీ దగ్గరికి ఆయన వస్తే బల్ల ఖాళీ అయ్యేది. ఆయన ఇంటికి ఫోన్లు వచ్చేవి, ఎత్తితే ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇక నన్ను పిలుస్తారు, ఇవాళో రేపో, అని నాకు అన్నం సయించేది కాదు. ఇలా వేధిస్తున్నారని పైవాళ్లకు మళ్లీ రాసుకుంటే రక్షణ అడగొచ్చు. ఆ రెండో ఉత్తరం రాసిపెట్టమని మావయ్య వచ్చాడు. నేను జ్వరమన్నాను. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. గుమ్మంలో కాసేపు నిలబడి, "పోన్లే పాపా, పడుకో" అని వెళ్లిపోయాడు. ఆ ఉత్తరం ఎవరూ రాయలేదు. ఆయన ఆ షెడ్డులోంచే రిటైరయ్యాడు, ఏడాదికే పోయాడు.

పోవడానికి కొన్నాళ్ల ముందు ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "మావయ్యా, ఆ గుడ్డ మాట రాయకుండా ఉంటే నువ్వు దొరికేవాడివి కాదు కదా?"

"రాయకపోతే ఎక్కడ సూడాలో ఆళ్లకేటి తెలుస్తాది?" అన్నాడు. నవ్వాడు. "తప్పు నాదే పాపా. గుడ్డ నానొక్కణ్నే ఎట్టీవోణ్ణి కదా. పదిమందికీ నేర్పీసుంటే, ఆళ్లు ఎవుడని ఎతుకుతారు?"

ఇప్పుడు అదే యార్డులో తాళ్ల తనిఖీ నా చేతిలో ఉంది. నా కింద పదకొండు మంది. కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే తెల్ల గుడ్డ ఇస్తాను. అది లేకుండా ఎవరినీ తాడు దగ్గరికి రానివ్వను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ.

పెద్ద ఇంజనీరు గారి బల్ల మీద ఒక ఫిర్యాదు నకలు ఉంది. ఐదో క్రేన్, కాగితం మీద కొత్త తాడు, గుడ్డ నాలుగుచోట్ల చిక్కింది. "ఇది మీ సెక్షన్ వాళ్ల పనే. గుడ్డతో చూసేది ఎవరు?" అన్నారాయన. గ్రీజు చేతులు చున్నీ కింద దాచుకున్నాను.

"అందరం సార్" అన్నాను. "పన్నెండు మందిమీ."

ఆయన నకలు సొరుగులో పడేసి వెళ్లమన్నారు. రాసిందెవరో నాకు నిజంగానే తెలియదు, అడగను కూడా. కానీ ఆ మనిషి రెండో ఉత్తరం కోసం నా గుమ్మంలోకి వస్తే, ఈసారి నాకు జ్వరం రాదు.