పిడి తిప్పితే గంట, సెల్లు పెడితే మాట

ఎల్బీనగర్‌లో మా నాన్నది మోటార్ వైండింగ్ షాపు. చూసి చూసి నేనూ కాయిల్ చుట్టడం నేర్చుకున్నాను గానీ, గిరాకీ మోటారు మీద ఆయన నన్ను చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆడపిల్ల చుడతదంటె మోటారు ఎవడిస్తడు బిడ్డా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పు. బస్సుల్లేవు, గిరాకీ లేదు. ఊరికే కూర్చోలేక, దిల్‌సుఖ్‌నగర్ పాత సామాన్ల దుకాణంలో మిలిటరీ ఫోన్లు రెండు కొనుక్కొచ్చాను. పక్కన పిడి ఉంటుంది, తిప్పాలి. ఒకటి షాపులో, ఒకటి మేడ మీద మా ఇంట్లో పెట్టి మధ్య వైరు లాగాను. పిడి తిప్పితే అవతల గంట గణగణ మోగింది. రిసీవర్ ఎత్తి ఎంత అరిచినా అవతలికి ఒక్క ముక్క వినిపించలేదు.

"కాయిల్ కాలింది," అన్నాడు నాన్న, పెట్టె మూత కూడా తియ్యకుండా. వైండింగ్ వాళ్ల జబ్బే అది, లోకంలో ఏది చెడినా కాయిలే అంటాం. నేనూ నమ్మి, నిక్షేపంలాంటి కాయిల్ విప్పి మూడు రోజులు మళ్లీ చుట్టాను. గంట మోగింది, మాట రాలేదు.

"గీ డబ్బానే బాగు చెయ్యరాలేదు, నీకు మోటార్లు ఎట్లిస్త?" అన్నాడు.

మర్నాడు కాయిల్ జోలికి పోకుండా, రిసీవర్ నుంచి వచ్చే వైరును వేలితో పట్టుకుని వెనక్కి వెళ్లాను. అది పిడి దగ్గరికి పోలేదు. ఫోను పెట్టెలో నేను స్క్రూలు దాచుకుంటున్న అరలోకి పోయింది! అందులో రెండు చివర్లా చిలుమెక్కిన రేకులు. సెల్లులు పెట్టే చోటది. పిడి తిప్పితే పుట్టే కరెంటు అవతల గంట కొట్టడానికే. గొంతును మోసేవి సెల్లులు, అదీ రిసీవర్‌కున్న బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే.

రేకులు గీకి, రెండు ఫోన్లలోనూ టార్చిలైటు సెల్లులు పెట్టి పిడి తిప్పాను. పైన నాన్న అన్నం తింటున్నాడు. ఎత్తాడు.

"నాన్నా, బటన్ నొక్కి మాట్లాడు."

"ఏందే, చెవిల మాట్లాడినట్టే ఉన్నది!"

షాపులో ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను. "కాయిల్ మంచిగనే ఉండె నాన్నా. సెల్లులు లేవంతె."

అవతల కంచం పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది.

"మీర్‌పేటాయన బోరు మోటారు మూలకున్నది. విప్పు," అన్నాడు. "నేను కిందికి రాను. నువ్వే చుట్టు."