స్టాపు దాటించి ఆపే అలవాటు

పోయిన శ్రావణంలో కూచిపూడి నుంచి చల్లపల్లి వైపు వస్తుంటే, చిన్న తుంపరలో, రోడ్డు పక్కన నిలబడి ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ఆపండి, పాపం తడిసిపోతోంది అని పక్కసీట్లోంచి మా ఆవిడ అంది. నేనూ ఆపుదామనే అనుకున్నాను, బ్రేకు మీద కాలూ వేశాను. కానీ బండి ఆగింది మాత్రం ఆవిడ ముందు కాదు, ఆవిడను దాటి వంద గజాలు పోయాక. అద్దంలో చూస్తే చంకన సంచీ, మోకాళ్ళదాకా ఎగ్గట్టిన తడి చీరతో ఆవిడ పడుతూ లేస్తూ పరుగెత్తుకొస్తోంది. "అంత దూరం లాక్కొచ్చి ఆపారేమిటండీ, బ్రేకులు పట్టలేదా?" అని మా ఆవిడ అడిగింది. బ్రేకులు భేషుగ్గా పట్టాయి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన కాలు నాది, దానికి ఆపడమంటే అలాగే తెలుసు. రివర్సు గేరు వేసేలోగానే ఆవిడ రొప్పుతూ వచ్చి తలుపు పట్టుకుంది.

ముందు ఈ బండి సంగతి చెప్పాలి. ఉద్యోగం నుంచి దిగిపోయిన రెండో ఏడు, పిల్లల్ని బడికి తిప్పే పాత వ్యాను ఒకటి అమ్మకానికొస్తే కొని, సీట్లు పీకించి, నిలువునా రెండు చెక్క బల్లలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించాను. మా ఆవిడ తన పాత మంగళగిరి చీర చింపి కిటికీలకు తెరలు కుట్టింది. ఈ ఆలోచన నిజానికి ఆవిడదే. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ అంటూ ఏళ్ళ తరబడి పేర్లు వల్లించడమే కానీ ఒక్కనాడైనా నన్ను దింపి చూపించారా అని సాధించేది. తీరా బయలుదేరాక తెలిసిందేమిటంటే, ఆ ఊళ్ళు నేనూ చూడలేదు. నాకు పామర్రంటే ఉదయం టిఫిను వేళ, చల్లపల్లంటే టీ గ్లాసు, అంతే. ఇప్పుడు రోజుకు ఇరవై కిలోమీటర్లు మించి వెళ్ళం. ముందుగా కొండపల్లి వెళ్ళి అక్కడ రెండు రోజులు బొమ్మలు చేసేవాళ్ళ అరుగుల మీద కాలక్షేపం చేశాం, కూచిపూడిలో పొద్దున్నే పిల్లల గజ్జెల చప్పుడు విడిచి రాలేక మా ఆవిడ నాలుగు రోజులు కదలనివ్వలేదు. ఏ ఊళ్ళో ఆగినా అడిగి, బడి ఆవరణలోనో రైసుమిల్లు ముందో బండి పెట్టుకుంటాం. కొందరు మమ్మల్ని తేనె అమ్మేవాళ్ళనుకుని సీసాలు పట్టుకొస్తారు, కొందరు మోకాళ్ళ నొప్పులకు మందడుగుతారు. మా ఆవిడ మందు కూడా చెప్పేస్తుంది.

ఇక ఆ స్టాపు దాటించడం అనే విద్య మన వయసువాళ్ళకు వివరించనక్కర్లేదు, మీలో చాలామంది ఆ పరుగులు పెట్టే ఉంటారు. స్టాపులో జనం ఎక్కువగా కనిపిస్తే బస్సును వాళ్ళ ముందు ఆపకుండా, ఆపుతున్నట్టే నెమ్మదించి, వంద గజాలు అవతల నిలబెట్టడం. దిగేవాళ్ళు దిగుతారు, కాళ్ళలో సత్తువ ఉన్న నలుగురు ఎక్కుతారు, మిగిలినవాళ్ళు సగం దారిలో ఉండగానే రైట్ రైట్. నాకు ముందు ఆ రూటులో చేసిన పెద్ద డ్రైవరు ఒకాయన నేర్పాడు. మొదట్లో బస్సు కిక్కిరిసినప్పుడే చేసేవాణ్ణి. తర్వాత తర్వాత బస్సు ఖాళీగా ఉన్నా చేశాను, అయితే అన్ని చోట్లా కాదు, ఒక్క చోటే.

చల్లపల్లికి కొంచెం ఇవతల, కాలవ వంతెన దగ్గరి స్టాపు అది. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. రోడ్డుకు ఎడమ పక్క ఊరు, కుడి పక్క పొలం గట్టున పడి వెళితే చర్చి, చర్చి చుట్టూ పేట. ఎడమ పక్క అసలు స్టాపే లేదు, అయినా రైసుమిల్లు ఆసామి ఇంటి గేటు ముందు రోజూ ఆపేవాణ్ణి. అయ్యగారు కాఫీ తాగుతున్నారని పనిమనిషి వచ్చి చెబితే ఇంజను ఆపకుండా కాచుక్కూర్చునేవాణ్ణి. ఆయన తీరిగ్గా వచ్చి బానెట్ పక్క సీట్లో కూర్చుని ఏమోయ్ అని పలకరిస్తే నాకదొక గౌరవం. అసలు స్టాపు పేటవాళ్ళది. నాట్ల రోజుల్లో కూలి చేసుకుని అటునుంచటే చల్లపల్లి బజారుకు వెళ్ళే ఆడవాళ్ళు తడిసిన చీరలతో, కాళ్ళకు ఎండిన మట్టితో అక్కడ నిలబడేవారు. వాళ్ళెక్కితే మన బట్టలేం కాను అని ఆసామి అనేవాడు, నేను నవ్వి దాటించేవాణ్ణి. పాపం వాళ్ళూ కనిపెట్టి, ఒకరోజు స్టాపులో కాకుండా వంద గజాలు ముందుకెళ్ళి నిలబడ్డారు. ఆ రోజు నేను సరిగ్గా స్టాపులోనే ఆపాను. వాళ్ళు మళ్ళీ వెనక్కి పరుగెత్తుకు రావడం చూసి ముందు సీట్లన్నీ నవ్వాయి, అందరికంటే గట్టిగా నేను నవ్వాను. కులం అన్న మాట నా నోట ఎప్పుడూ రాలేదండీ. బురద అనేవాణ్ణి. ఇంట్లోనూ అలాగే చెప్పాను, మా ఆవిడ నమ్మింది.

ఆ తర్వాత ఒక ఏడు, ఎండలు మొదలై పదో తరగతి పరీక్షలు జరిగే రోజుల్లో, పొద్దుటి ట్రిప్పులో ఆ స్టాపులో ఇద్దరే ఉన్నారు. ఒక తల్లి, పక్కన లంగా ఓణీ వేసుకుని, హాలు టికెట్టు క్లిప్పుకు పెట్టిన అట్టను గుండెకు ఆనించుకున్న కూతురు. బస్సులో సగం సీట్లు ఖాళీ. అలవాటుగా దాటించి ఆపాను. తల్లి నాలుగడుగులకే వెనకబడిపోయింది, పిల్ల మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పరుగెత్తుతోంది. ఆ నెలలోనే చేరిన కుర్ర కండక్టరు, ఆగమని గంట కొట్టాడు. చల్లపల్లిలో నాకోసం మనిషి కాచుకుని ఉంటాడోయ్ అని ఆసామి గడియారం చూసుకున్నాడు, అంతే, నేను యాక్సిలేటర్ తొక్కాను. మలుపు తిరిగేదాకా అద్దంలో ఆ పిల్ల పరుగెత్తుతూనే ఉంది. చల్లపల్లిలో రోజూ నాతో కలిసి టీ తాగే కండక్టరు ఆవేళ గ్లాసు పట్టుకుని వేరే కొట్టు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఎవరో సైకిలు మీద దింపే ఉంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ అదే చెప్పుకుంటూ వచ్చాను కానీ, మనసులో నమ్మింది లేదు. పొలాలన్నీ ఎండి నెర్రెలు విచ్చిన రోజులవి, బురద అనడానికి కూడా లేదు.

అందుకే వ్యానెక్కిన ఆ పెద్దావిడ మాది వంతెన దగ్గర పేట అని చెప్పేసరికి అద్దం సర్ది ఆవిడ ముఖం చూశాను. పరుపు వేసిన బల్ల మీద కూర్చోమంటే, "బురదండీ, మీ పరుపు పాడైపోద్ది, నాకిక్కడ బాగానే ఉంది" అని కింద రేకు మీదే చతికిలబడింది. ఉతుక్కుంటే పోయేదానికి ఏమిటమ్మా అని మా ఆవిడ చెయ్యి పట్టి లేపితే, బల్ల అంచున, పక్షి వాలినట్టు కూర్చుంది. వానకు ఆటో రాక నడక మొదలెట్టిందట, చల్లపల్లి ఆసుపత్రిలో బీపీ మాత్రలు తెచ్చుకోవాలట. మా ఆవిడతో కబుర్లలో పడింది. నేను ఉండబట్టలేక, వెనక్కి తిరక్కుండానే, ఎప్పుడో మీ పేటలో బస్సు ఆగక పరీక్ష తప్పిన అమ్మాయి ఎవరైనా ఉందా అని అడిగాను.

"ఉందండీ, మొదటి పరీక్షే పోయింది దానికి. నడిచెళ్ళేసరికి గేటు వేసేశారు" అంది ఆవిడ. "ఆ ఎండాకాలమే పెళ్ళి చేసేశారండి, తెనాలి అవతల ఎక్కడో ఇచ్చారు. చదువుకునే పిల్ల. అప్పట్నుంచీ మేం బస్సుని నమ్ముకోవడం మానేశాం. పరీక్షలన్నాళ్ళూ పిల్లలందర్నీ ముందే చల్లపల్లి పంపించేసేవాళ్ళం, అక్కడి చర్చి వరండాలో పడుకుని రాసేవాళ్ళు. మేం వంతులేసుకుని అన్నం కారేజీలు నడిచి పట్టుకెళ్ళేవాళ్ళం."

నేను ఒక్కణ్ణి తొక్కిన యాక్సిలేటరుకు ఒక పేట పేటంతా ఏళ్ళ తరబడి అన్నం మోసుకుంటూ నడిచిందన్నమాట. ఆ బస్సు డ్రైవర్ని నేనేనమ్మా అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకుంటుందని, తిడుతుందని, ఏమో, తిట్టాక పోనీలెండి అంటుందని కూడా ఆశపడ్డాను, నిజం దాచడం ఎందుకు.

"మీరొక్కరేనా అండీ?" అంది. "ఆ రూటులో ఇంకో ముగ్గురు తిరిగేవారు. ఎవరాపారని?"

తప్పు చేశాను తల్లీ అన్నాను. "ఇప్పుడు నాకు చెప్పి ఏం చెయ్యమంటారండీ నన్ను?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగింది. క్షమించాననే మాట కావాలి నాకు, అది కూడా ఆ తెనాలి అవతలి పిల్ల అనాలి, ఈవిడ కాదు. ఆసుపత్రి గేటు ముందు ఆపాను. ఆవిడ దిగి మా ఆవిడతో మాత్రం వస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా ఆవిడ పొయ్యి మీద అన్నం దించుతూ ఒకే ఒక్క మాట, "నాతో బురద అని చెప్పారు కదూ" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ముందు అంత చిన్నబోయింది లేదు.

మర్నాడు వాన వెలిశాక నేనొక్కణ్ణే ఆటో ఎక్కి ఆ వంతెన దగ్గర దిగాను. ఎందుకెళ్ళానో తెలియదు. అప్పట్లో నీడైనా లేని చోట ఇప్పుడు సిమెంటు షెల్టరు ఉంది, అందులో ఎవరివో రెండు బైకులు పెట్టి ఉన్నాయి. రైసుమిల్లు మూతబడింది, ఆసామి పోయి చాలా ఏళ్ళయింది. గంటసేపు అందులోని బల్ల మీద కూర్చున్నా ఆర్టీసీ బస్సు కోసం ఒక్కరూ రాలేదు. పేట వైపు నుంచి ఆడపిల్లలు స్కూటీల మీద, భుజాన బ్యాగులతో చల్లపల్లి వైపు దూసుకుపోయారు, ఒక కాలేజీ బస్సు వచ్చి మరో నలుగురిని ఎక్కించుకుంది. రోడ్డు వెడల్పయింది, ఎవరూ ఎవరి కోసమూ పరుగెత్తనక్కర్లేని రోజులొచ్చాయి, అందుకు నిజంగానే సంతోషించాను, ఆ సంతోషంలో నా వంతు ఏమీ లేదన్నది కూడా తెలుస్తూనే ఉంది.

లేద్దామనుకుంటుండగా నాట్ల నుంచి వస్తున్న కూలీల ఆటో ఒకటి, నేను చెయ్యెత్తకపోయినా, సరిగ్గా నా కాళ్ళ ముందు ఆగింది. లోపల ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. "చల్లపల్లేనా తాతగారూ? ఎక్కండి, సర్దుకుంటాం" అని ఒకమ్మాయి పక్కకు జరిగింది. ఎక్కి కూర్చున్నాను. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, నేనా రూటు వదిలి వేరే రూటుకు మారేనాటికి పుట్టి కూడా ఉండదు, నా బస్సు వెంట పరుగెత్తి ఉండదు. అయినా, ఎవరూ చెప్పకుండానే, నా తెల్లపంచెకు తగలకుండా తన బురద చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, చల్లపల్లి వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. అన్నీ మారాయి అనుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ చేతుల వైపు చూడలేక దారంతా తల వంచుకునే ఉన్నాను.