చిల్లుపడ్డ ఇత్తడి బిళ్ళ

సంధ్యారాణి నెక్కొండ బస్సు కండక్టర్. చిల్లర కోసం రోజూ గొంతు చించుకునే ఆ మనిషికి చిల్లర కరువు నాటి బిళ్ళలంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చిన్న నాణేలు దొరక్క, కొందరు వ్యాపారులు తమ పేరు కొట్టించిన ఇత్తడి బిళ్ళలు చేతిలో పెట్టేవారు. ఇచ్చిన దుకాణంలో తప్ప అవి ఎక్కడా చెల్లవు. యుద్ధం ఎవరిదైతేనేం, కూలివాడి చేతిలో పైసకు బదులు సావుకారి పేరు మిగిలింది.

ప్రయాణికుల ఇళ్లలోంచి, పాత సామాను కొట్లలోంచి ఒక్కొక్కటే ఏరి తెచ్చుకుంది. ఇంట్లోవాళ్లు 'తుక్కు' అన్నారు. వాటిని ఒక్కసారైనా అద్దాల కింద పేర్చి పదిమందికీ చూపాలని ఆమె కోరిక.

ఆ అవకాశం గింజల వ్యాపారి కిషన్ రావు రూపంలో వచ్చింది. తన దుకాణానికి నూరేళ్లయ్యాయని వరంగల్‌లో ప్రదర్శన పెడుతున్నాడు, ఆమె బిళ్ళలన్నీ అందులో ఉంచుతానన్నాడు. వాళ్ల తాత బిళ్ళ ఆమె దగ్గర ఒక్కటే ఉంది. ఆమె బస్సెక్కే నెక్కొండ ముసలమ్మ యాదవ్వ ఇచ్చింది. చూడగానే ఆయన మొహం వెలిగింది, మరుక్షణమే ముడుచుకుంది.

"ఈ బొక్కేంది బిడ్డా? పూడిపిచ్చి జర పాలిష్ గొట్టిస్తే బంగారమే!"

"వద్దు సేటూ. నాణేలు మళ్లొచ్చినంక మీ కొట్టోళ్లు ఈ బిళ్ళలు చెల్లవు పొమ్మన్నరట. యాదవ్వ వాళ్లమ్మ బస్తాలు మోసిన కూలి ఇది. ఎట్లాగూ పాయె, బిడ్డ నడుముకైనా సింగారమైతదని మేకుతోని బొక్క గొట్టి మొలతాడుకు కట్టింది. ఆ ముచ్చట పక్కన రాయాలె."

"మా తాత పరువు గద!"

"రాయకుంటే బిళ్ళ రాదు. ఒక్కటి గూడ రాదు."

డబ్బా మూసి లేచింది. కోరికంతా ఆ డబ్బాలోనే ఉంది; అయినా అడుగు తడబడలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేక.

"ఆగు తల్లీ! కండక్టరమ్మతోని గెలిచినోడెవడు? రాసుకో. జర చిన్నగ రాయి."

"పెద్దగనే రాస్త. ముసలోళ్లకు చూపానదు."

ప్రదర్శన నాడు యాదవ్వ వచ్చింది. అద్దం మీద వేలు పెట్టి "మా అమ్మ కూలి!" అని హాలంతా వినబడేటట్టు అన్నది. కిషన్ రావే కుర్చీ జరిపాడు.

"కూసో అవ్వా."

"కూసుంట, అంతా చెప్పుకుంట కూసుంట."

జనం గుమిగూడారు. డ్యూటీ దిగి అటే వచ్చిన సంధ్యారాణి ఖాకీ చొక్కా సవరించుకుని, అలవాటైన గొంతు ఎత్తింది.

"జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి! అందరికీ కనబడాలె!"