జబ్బకు కట్టిన వెండి రూపాయి

పీర్ బాషా టమోటా లారీ ఎక్కే రోజుల్లో చాంద్ బేగం చేసే మొదటి పని టీ పెట్టడం కాదు. భర్త చొక్కా తొడుక్కోక ముందే చేయి చాపమని, కుడి జబ్బకు ఆకుపచ్చ గుడ్డ కట్టేది. గుడ్డ మడతల్లో ఒక పాత వెండి రూపాయి పెట్టి కుట్టేసి ఉంటుంది. దాన్ని ఇమాం జామీను అంటారు. దూరం పోయే మనిషిని పైవాడి పూచీ మీద పంపడమన్నమాట. మనిషి క్షేమంగా ఇల్లు చేరాక ముడి విప్పి, ఆ రూపాయి బీదలకు ఇచ్చేయాలి. పీర్ బాషా తల్లి దగ్గర ఉన్నది ఒకటే వెండి రూపాయి గనక ఆమె తనకు తానుగా ఒక పద్ధతి పెట్టుకుంది. కొడుకు తిరిగొచ్చినప్పుడల్లా రూపాయికి బదులు సోలెడు బియ్యం ఫకీరు జోలెలో పోసి, రూపాయిని మళ్లీ ప్రయాణానికి దాచేది. అత్త పోయాక కట్టే చేయి, విప్పే చేయి, బియ్యం పోసే చేయి అన్నీ చాంద్ బేగానివే అయ్యాయి.

ఇప్పుడు కూడా కోడి కూయక ముందే మెలకువ వస్తుంది. పత్తికొండ మార్కెట్ వైపు పోయే లారీల మోత వినిపిస్తుంది. లేచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తెల్లారేదాకా కూర్చుంటుంది. ఏడుపు రాదు. రావాలని కూడా అనిపించదు. తెల్లారితే వాకిలి ఊడుస్తుంది, అన్నం వండుతుంది, గుర్తొస్తే తింటుంది.

పీర్ బాషా చెన్నైలో లోడు దించి వస్తూ, దారిలో టీ కొట్టు ముందర గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చారు గానీ దక్కలేదు. లారీ యజమాని గోపన్న శవాన్ని ఇంటికి తెచ్చి, చొక్కా, చెప్పులు, సెల్‌ఫోను ఉన్న సంచి ఒకటి ఆమె ముందర పెట్టాడు. సంచి అడుగున జామీను ఉంది. సూది వేయడానికి అడ్డమని ఆసుపత్రిలో ఎవరో దాన్ని కత్తిరించి తీసినట్టున్నారు. కత్తెర పడింది ముడి మీద కాదు, పక్కన. బయలుదేరిన రోజు తెల్లవారుజామున ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. జామీనును బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున పెట్టి మూత వేసింది.

వాళ్లకు పిల్లల్లేరు. పీర్ బాషా తమ్ముడు నిస్సార్‌కు బస్టాండు పక్కన పరుపులు కుట్టే అంగడి ఉంది. అన్న పోయినప్పటి నుంచి వదినకు బియ్యం, నూనె అతనే పంపుతున్నాడు. పంపినట్టు పదిమందికి చెప్పుకునే మనిషి కూడా కాదు.

ఆ ఏడు వెండి ధర ఎగిరింది. దాని వెంబడి ఊరికి పాత నాణేల పిచ్చి పట్టుకుంది. పట్నాల్లో వేలం పాటలు జరుగుతున్నాయట. ఒకే రాజు బొమ్మ, ఒకే తూకం ఉన్న రెండు రూపాయల్లో ఒకటి ఉత్త వెండి ధరకు పోతే, ఇంకోటి దాని మీద ఉన్న సంవత్సరాన్ని బట్టి లక్షలు పలుకుతుందట. నిరుడు పాడిన ధర ఈ ఏడు పాటకు మొదటి కేకే అవుతోందట. మగవాళ్లు ఫోన్లలో ఆ వీడియోలు చూసి, ఇంటికొచ్చి ఆడవాళ్ల పెట్టెలు వెతికారు.

పక్కింటి మల్లక్క చాటలో వేరుశనక్కాయలు పెట్టుకుని ఒలుస్తూ తన గొడవ చెప్పింది. ఆమె దగ్గర లక్ష్మీ పూజలో పెట్టే రూపాయలు రెండున్నాయి. కర్నూలు నుంచి వ్యాపారి వచ్చాడంటే వాటిని తీసుకుపోయింది.

"మంచిగా కనపడల్ల గదా అని చింతపండు, బూడిద ఏసి తళతళ తోమి తీసుకపోతి చాందమ్మా. ఆయప్ప చూసి నెత్తి కొట్టుకునె. నూరేండ్ల మురికికేనమ్మా దుడ్లు ఇచ్చేది, నువ్వు మురికి పారబోసి వెండి తెచ్చినావు అనె. ప్రతి శుక్రవారం తోమితి గదా, నాకు దక్కిన ఫలం ఇదీ."

ఇక్కడ నవ్వాలని చాంద్ బేగానికి తెలిసింది. పెదవులు కొంచెం కదిలించింది. మల్లక్క అది చూసి, ఒలిచిన గింజలు గుప్పెడు ఆమె ఒళ్లో పోసింది.

భర్త పోయిన ఆడమనిషి గడప దాటకుండా ఉండే ఇద్దత్ గడువు తీరేదాకా నిస్సార్ రూపాయి ఊసు ఎత్తలేదు. తీరాక ఒక పొద్దున వచ్చి చాప మీద కూర్చున్నాడు. చాలాసేపు రేకుల వైపే చూశాడు. వాన పడితే ఎక్కడెక్కడ కారుతుందో అడిగాడు. ఆ తర్వాత అసలు మాటకు వచ్చాడు.

కర్నూలు వ్యాపారి పేరు జయకుమార్. జామీను సంగతి చెబితే ఆయన కుర్చీలో ముందుకు జరిగాడట. చేతులు మారని, గాలి వెలుతురు తగలని నాణెమంటే పాటలో ఎగబడతారట. ఇదేమో నిస్సార్ అమ్మ కాలం నుంచి గుడ్డలోనే ఉంది. గుడ్డ చినిగినప్పుడల్లా పాత గుడ్డ మీదే కొత్తది వేసి కుట్టారు గానీ, లోపలిది ఏనాడూ బయటికి తీయలేదు. దాని మీద ఏ సంవత్సరం ఉందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. విప్పితే గానీ తెలియదు.

"అమ్మ సొత్తు వదినా. అన్నకు ఎంతనో నాకూ అంతే. వచ్చింది చెరి సగం. నీ సగంతో ఈ రేకులు మార్పిద్దాం. శుక్రవారం నమాజు అయినాక ఆయప్పను పిల్చకొస్తా. కుట్లు మెల్లగా ఇప్పి పెట్టు. తుడవద్దు, కడగద్దు."

ఆమె సరే అంది. భర్త పోయినప్పటి నుంచి ఎవరేం చెప్పినా సరే అంటూనే ఉంది. మట్టికి ఎత్తే వేళైందంటే సరే, జీతం బాకీ ఇంతేనని గోపన్న అంటే సరే. సరే అంటే మనుషులు లేచి పోతారు.

శుక్రవారం పొద్దున డబ్బాలో చేయి పెట్టి జామీను తీసింది. పైన ఉన్నవి తన కుట్లే. ఆకుపచ్చ దారం దొరక్క లుంగీ అంచులు కుట్టే నీలం దారంతో కుట్టింది. గుడ్డ మీద చెమట ఆరిన చోట తెల్లటి గీత ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. డీజిల్ వాసన రాలేదు, చెమట వాసన రాలేదు. బియ్యం వాసన వచ్చింది. పీర్ బాషా మీసాలు కత్తిరించుకునే చిన్న కత్తెర తెచ్చి, మొదటి కుట్టు కింద మొన దూర్చింది. అట్లా పట్టుకుని కొంతసేపు కూర్చుంది. తర్వాత రెంటినీ చాప మీద పెట్టి, మనుషులొస్తారని ఇల్లు ఊడ్చింది.

జయకుమార్ సన్నటి మనిషి, మెత్తటి మాట. గుడ్డ సంచిలోంచి భూతద్దం, చిన్న తక్కెడ తీసి వరుసగా పెట్టుకున్నాడు. జామీను చేతికి తీసుకుని, "ఇంకా ఇప్పలేదే అక్కా" అన్నాడు. గుడ్డ మీద నుంచే బొటనవేలితో చుట్టూ తడిమాడు. అంచు ఏ మాత్రం అరగలేదని, ఇట్లాంటిది ఈ మధ్య తన చేతికి రాలేదని నిస్సార్‌తో అన్నాడు. నిస్సార్ ఇంకాస్త దగ్గరికి జరిగాడు. వ్యాపారి జేబులోంచి బ్లేడు తీశాడు.

"ముడి ఎప్పుడు ఇప్పుతారు నిస్సారూ?" అంది చాంద్ బేగం.

అడిగిందేమిటో అతనికి వెంటనే అర్థం కాలేదు. "వచ్చినాక" అన్నాడు.

"మీ అన్న వచ్చినాడా?"

"వదినా. అన్నను మట్టి చేసింది మనమే గదా."

"తెచ్చినారు. తెస్తే మట్టి చేస్తిరి. వచ్చినాడా అని అడుగుతాండా."

గొంతు పెంచలేదు. ఉప్పు ఉందా అని అడిగినట్టే అడిగింది. జయకుమార్ జామీనును చాప మీద పెట్టి, బ్లేడును కాగితంలో చుట్టుకున్నాడు. బలవంతం లేదన్నాడు. అయితే ఈ పాట దాటితే ఈ ధర నిలుస్తుందో లేదో తాను మాట ఇవ్వలేనని కూడా అన్నాడు.

"నీ సగం నేను కాదనను అబ్బీ" అంది ఆమె నిస్సార్‌తో. "ఇది మీ అమ్మ సొత్తు. కత్తెర ఈడనే ఉండాది. నీకు ఇప్పాలని ఉంటే ఇప్పు. నేను ఇప్పను."

నిస్సార్ జామీను తీసుకున్నాడు. పాత పరుపుల కుట్లు ఒక్క లాగుడుతో తెంపే చేయి అతనిది. నీలం కుట్టు పక్కన, పై గుడ్డ చిరిగిన చోట, లోపలి గుడ్డ మీద తల్లి వేసిన కుట్లు రెండు కనబడుతున్నాయి. వంకర కుట్లు. ఆమెకు చివరి రోజుల్లో చూపు ఆనేది కాదు. అతను వాటిని చూశాడు, ముడి చూశాడు. కత్తెర వేళ్లకు ఎక్కించుకున్నాడు. తీసేశాడు. జామీనును చాప మీద, ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు.

"ఇంకోసారి చూస్తాంలే సార్" అన్నాడు.

వ్యాపారి బండి దగ్గరికి నడిచాక నిస్సార్ గడప దగ్గర ఆగాడు. కోపంగా ఉన్నాడో లేదో చాంద్ బేగానికి తెలియలేదు. వచ్చే నెల బియ్యం వస్తాయో రావో కూడా తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించలేదు.

"యాడ పెట్టినావు ఇన్నినాళ్లు?" అని అడిగాడు.

"బియ్యం డబ్బాలో."

"ఆడనే పెట్టు. తేమ తగలదు."

అతను పోయాక డబ్బా మూత తీసి జామీనును మళ్లీ అడుగుకు తోసింది. సాయంత్రం వంటకు ఆ డబ్బాలోంచే బియ్యం తీసి చాటలో పోసుకుని వాకిట్లో కూర్చుంది. నిస్సార్ పంపింది మంచి రకమో ఏమో, రాళ్లు ఎక్కువ లేవు. మల్లక్క గోడ మీద నుంచి తొంగి చూసింది. ఊరంతా ఎదురుచూస్తున్న సంగతే ఆమె కూడా అడిగింది.

"ఇప్పితివా చాందమ్మా?"

"లేదు."

"రేపు ఇప్పుతావా?"

"ఇప్పను" అని చాంద్ బేగం ఒక రాయి ఏరి పక్కన పారేసింది.