చేపల తొట్టిలో యూరియా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ గట్టెక్కి ఎల్లారెడ్డిలో ఒక ఎరువుల దుకాణంలో కొత్తగా కుదిరాను. రైతులు పసుపెక్కిన వరి ఆకు తెచ్చి చూపిస్తే వెలుతురుకు ఎత్తి పట్టి, కాసేపు గంభీరంగా చూసి, "యూరియా చల్లు కాకా, పచ్చగయితది" అనేవాణ్ణి. (నాకు తెలిసిన మందు అదొక్కటే.) మా వదిన నన్ను 'డాక్టర్ సాబ్' అని పిలిచేది. అది పొగడ్తే అనుకునేవాణ్ణి.

మా అన్న పెళ్ళయిన కొత్తలోనే దుబాయి పోవాల్సి వచ్చింది. పోయే ముందు వదినను కామారెడ్డి తీసుకుపోయి ఒక చేపల తొట్టి, రెండు ఎర్ర చేపలు, నీళ్లలో పెరిగే మొక్కలు కొనిచ్చాడు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ముందు చేపలను చూపించాలి, తర్వాతే మనుషులను. కొన్నాళ్లకు మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. "ఆకులు గట్లయినయేంది? జర చూడు తమ్మీ" అని అన్న ఫోన్లోనే బతిమాలాడు.

నేను ఒక ఆకు తుంచి వెలుతురుకు ఎత్తి పట్టాను. "అండ్ల చేపలున్నయి కద, డాక్టర్ సాబ్" అంది వదిన. "వరి మడిల చేపపిల్లలు తిరుగుతలేవా వదినా?" అని దబాయించి, గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి గుప్పెడు యూరియా చల్లాను. తెల్లారేసరికి రెండూ వెల్లకిలా తేలాయి. వదిన తిట్టలేదు. వాటిని దోసిట్లోకి తీసుకుని పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టింది. తిట్టి ఉంటే నాకు ఇన్నాళ్లు ఈ బాధ ఉండేది కాదు.

తొట్టి కడిగి, బస్సెక్కి కామారెడ్డి పోయి, అదే రంగు చేపలు తెచ్చాను. ఆ సైజు మాత్రం దొరకలేదు. సాయంత్రం అన్న ఫోన్లో వాటిని చాలాసేపు చూసి, "చేపలు చిన్నగయినయేంది?" అన్నాడు. వదినే జవాబు చెప్పింది. "నువ్వు దూరం నుంచి చూస్తున్నవ్ కద. గట్లనే కనవడ్తయి."

సెలవు మీద వచ్చినప్పుడు అన్న తొట్టి ముందు కూర్చుని, ఏపుగా పెరిగిన మొక్కలను చూసి నా భుజం తట్టాడు. "గివి ఆ చేపలు కావని అప్పుడే ఎరికైంది. పైరైతే మంచిగున్నది తమ్మీ."

ఇప్పటికీ అదే దుకాణంలో ఉన్నాను. ఎవరైనా పసుపెక్కిన ఆకు తెస్తే, దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు వదిన దోసిలి దాకా వచ్చి ఆగిపోతుంది.