మూడు నిమిషాల్లో నలభై కంపెనీలు

మొన్న మధ్యాహ్నం మా ముందుగదిలో మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసువాళ్లతో గంటన్నరసేపు వాదించడం విని ఊరుకోలేక, షేర్ బజారు ధరలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఏ అచ్చులో పంపాలన్నది హైదరాబాదు మొత్తానికి నలభై ఏళ్ల కిందటే తేల్చిపారేసినవాణ్ణి నేనేనని చెప్పాను. ఆ పిల్ల నవ్వుతుందనుకుంటే, కుర్చీ ఇటు తిప్పుకుని అదెట్లో చెప్పమంది. వాళ్ల తగువూ అదేనట, అచ్చును వాళ్లు ఫార్మాట్ అంటారట. ఇప్పటికే రెండు మూడు అచ్చులున్నాయి, అందులో ఒకటి ఎంచుకోవాలి. ఒకే అచ్చు రెండువైపులా ముందే ఉంటే కంపెనీ పేరు పదేపదే పంపనక్కర్లేదు, మారిన అంకె పంపితే చాలు. నాకు వింతగా తోచింది, ఎందుకంటే అది అచ్చంగా మా కథే.

అయితే, హైదరాబాదు మొత్తానికి అన్నది జర సాగదీసిన మాట. నిజానికి ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట పట్నం దళారి ఒకాయన తెరిచిన ఒంటి మడిగెకు, అంటే ఒక్క గది కొట్టుకు మాత్రమే. అందులో ఒక నల్లబల్ల, ఒక ఫోను, నేను. బల్లమీద నలభై కంపెనీల పేర్లు తెల్లరంగుతో రాయించి ఉండేవి. పట్నం ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా బావ ట్రంక్ కాల్‌లో ధరలు చదివితే, నేను తిరిగి ఒప్పజెప్పి సుద్దముక్కతో రాసేవాణ్ణి. పేరు, నిన్నటి ధర, ఇవాళ్టి ధర అని ఆయన తీరిగ్గా చదివేసరికి ఇరవయ్యో కంపెనీ దగ్గరే ఒక కాల్‌కు ఇచ్చే మూడు నిమిషాలు నిండేవి. రెండో కాల్‌కు రుసుము కట్టీ కట్టీ విసిగిన యజమాని, నెలాఖరుకల్లా ఒక్క కాల్‌లో బోర్డు నిండకపోతే మడిగెకు తాళం వేస్తానని, నేను మళ్లీ మా బాపు వెంట ఆముదం చేనుకు పోవచ్చని చెప్పాడు. చేనంటే నాకు చిన్నచూపు లేదు కాని, ఇస్త్రీ చొక్కా అలవాటైపోయింది.

అప్పుడు మొదలైంది వరస తగాదా. అక్షరక్రమం కావాలని మా బావ, తన దగ్గరున్న షేర్లు పైన ఉండాలని యజమాని, బల్లమీది వరసే ఉండాలని నేను. చివరికి నా మాటే నెగ్గింది. నా తెలివి చూసి కాదు, రంగు ఆరిపోయింది గనక, రాసినతను డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు గనక. పేర్లకు నంబర్లు వేసి ఆయనకో కాగితం, నాకో కాగితం. ముందు నంబరు, వెంటనే ధర: ఏడు, నూట పన్నెండు, ఎనిమిది, అరవై. అయినా ముప్ఫై దాటలేదు. నెలాఖరుకు ఇంక రెండు రోజులుందనగా, మారని ధరలు చెప్పడమే మానేయాలన్న ఉపాయం నాకు యాచారం బస్సులో కిటికీ పక్కన తట్టిందని ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను.

అదీ అబద్ధమే. అప్పట్లో ఇక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉండి, ఆ తర్వాత నాకు భార్య అయిన మనిషి, ఆ రోజు లైన్ మధ్యలో దూరి, మారనివి ఎందుకు చదువుతున్నారని మా ఇద్దరినీ కసిరింది. మర్నాడు నలభై కంపెనీలూ రెండున్నర నిమిషాల్లో అయిపోయాయి, మడిగె నిలిచింది, నా ఇస్త్రీ చొక్కా కూడా.

ఒక్క తప్పు మాత్రం పూర్తిగా నాదే. ఓ వానరోజు ఇరవై రెండో కంపెనీ దగ్గర లైన్ తెగితే, ఆ నిశ్శబ్దాన్ని నేను మార్పు లేదనే అర్థం చేసుకుని బల్లను అలాగే వదిలేశాను. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన సారు వచ్చి, తన సిమెంటు షేరు పెరిగిన సంగతి తెలియక అమ్మకుండా వెళ్లిపోయారు. తెల్లారేసరికి అది పడిపోయింది. ఆయన మళ్లీ వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని బల్లను మరోసారి చదువుకుని వెళ్లారు. ఆనాటి నుంచి చివర్న 'బోర్డు అయింది' అన్న మాట వినపడితే తప్ప పాత అంకెను నమ్మేవాణ్ణి కాదు. ఇది చెప్పగానే మనవరాలు కాగితం తీసుకుని రాసుకుంది, గంటన్నరగా వాళ్లకు తెగనిది ఆ ముక్కేనట.

ఇప్పుడు ధరలు రెప్పపాటులో మారిపోతాయి, మడిగె ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, మధ్యలో దూరి కసిరే గొంతు ఏ లైన్‌లోనూ లేదు. ఆ గొంతు మా బోర్డును, నా కొలువును కాపాడాలనే ఆ రోజు అడ్డుపడిందని, అప్పటికే నామీద కాస్త మనసుండేదేమోనని మనవరాలితో కొంచెం గొప్పగానే అన్నాను. గుమ్మంలో కందికాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే అంది:

"నీ రేట్లు ఎవలికి గావాలె? యాచారం నుంచి ఒకాయన కోడలికి నొప్పులొస్తున్నయని, పట్నం దవాఖానకు ఫోన్ కలపమని నా ముందట నిలవడ్డడు. ఉన్నది ఒక్కటే లైను. నువ్వేమో మారని రేట్లు గూడ ఒప్పజెప్పుకుంట కూసున్నవ్. నువ్వు లైన్ ఇడుస్తవని అట్ల అన్న, గంతే."