నాగక్క తలెత్తిన చోటు

2003 జూన్. రాప్తాడు దాటాక హైవే దిగి, మట్టిరోడ్డు మీద ఒళ్లు హూనమయ్యేదాకా ఆటోలో పోతే వచ్చే ఒక ఊరు. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నాతో పంచాయితీ పెడతారు. నేనప్పుడు హైదరాబాదులో సినిమా కోర్సు చివరి ఏడాది చదువుతున్నాను. చదువు పూర్తి కావాలంటే ఎవరికి వాళ్లు ఒక చిన్న చిత్రం తీసి చూపించాలి. దాన్ని డిప్లొమా ఫిల్మ్ అంటారు. మా క్లాసులో మిగిలినవాళ్లంతా ప్రేమకథలు, దెయ్యం కథలు రాసుకుంటుంటే, నేను అనంతపురం కరువు మీద డాక్యుమెంటరీ తీస్తానని చెయ్యెత్తాను. మా నాయన గుత్తిలో రైల్వే ఉద్యోగం చేశాడు కాబట్టి ఈ నేల నాకు తెలుసని ధీమా. నేను చూసిందంతా రైలు కిటికీలోంచే అన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

మైకు చూసుకోవడానికి నా క్లాస్‌మేట్ సుధాకర్ తోడొచ్చాడు. వాడిది గోదావరి వైపు. దిగిన రోజే ఆ ఎర్రనేలను, ఆ గాలిని చూసి "ఇక్కడ జనం ఎలా ఉంటారే బాబూ" అన్నాడు. తర్వాత రాగిసంగటి, వేరుశనగతో చేసే చెనిక్కాయల పచ్చడి రుచి మరిగి, వెళ్లేటప్పుడు వాడే వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

మాకు బస ఇచ్చింది ఓబుల్ రెడ్డి అనే మెట్టరైతు. మొదటిరోజు ఆయన చేలోనే కెమెరా స్టాండు వేశాను. నేను ఒక్క మాటైనా చెప్పకముందే ఆయన చేలో గొంతుక్కూర్చుని, ఒక మట్టిపెళ్ల చేతిలోకి తీసుకుని, రెండో చేతిని కనుబొమల మీద అడ్డం పెట్టుకుని ఆకాశంకేసి చూశాడు.

"ఏంటన్నా ఇది?" అన్నాను.

"ఇట్లే కదమ్మా తీసేది! పోయినేడు టీవీవోళ్లు ఇట్లే చూడమన్రి. అంతకు ముందటేడు పేపరాయప్ప గూడా ఇట్లే. మీకి ఇంగోరకంగా చూడల్లా ఏమి?"

సుధాకర్ నవ్వాపుకోలేక హెడ్‌ఫోన్లు తీసేసి అవతలికి పోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను హైదరాబాదులో కూర్చుని రాసుకొచ్చిన మొదటి షాటు అచ్చం అదే. కరువు మనుషులకు కరువు ఎలా నటించాలో నేర్పి పోయినవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబోయాను. ఆ సాయంత్రం రాసుకొచ్చిందంతా పక్కన పెట్టేశాను. ఏం జరిగితే అది తీద్దామని నిర్ణయించుకుని వాన కోసం ఊరివాళ్లతోపాటు ఎదురు చూశాం.

వాన జూలైలో పడింది. మెట్టసేద్యంలో వాన పడటం ఒక్కటే చాలదు. విత్తనం మొలకెత్తేంత తడి నేలలో నిలవాలి. దాన్ని పదును అంటారు. ఆ గాలికి, ఎండకు పదును రెండు మూడు రోజులకే ఆరిపోతుంది. ఈలోపల ఊరంతా విత్తుకోవాలి. మనిషిని పలకరిస్తే మాట కూడా ఉండదు. ఎద్దులు కట్టిన గొర్రు, అంటే ఒకేసారి కొన్ని సాళ్లు తీసే నాగలి, దున్నుకుంటూ పోతుంటుంది. గొర్రు మీద జడ్డిగం అనే కొయ్యగిన్నె ఉంటుంది. దాని అడుగున చిల్లులు, చిల్లులకు వెదురుగొట్టాలు. వెనక నడిచే ఆడమనిషి ఒళ్లోంచి వేరుశనగ గింజలు తీసి గిన్నెలో వదులుతుంటే, గొట్టాల్లోంచి జారి సాళ్లలో పడతాయి. చెయ్యి వేగమైతే గింజ దండగ, నిదానమైతే సాలు పలచన. ఆ చెయ్యి కోసం రైతులు ముందే చెప్పి పెట్టుకుంటారు.

ఓబుల్ రెడ్డి చేలో గొర్రు పట్టేది ఆయనే, ఆ చెయ్యి మాత్రం నాగక్కది. సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. నోరు మాత్రం ఊరందరికీ సరిపోయేంత. ఊళ్లో మొదటి పదునుకు ఆమెను పిలిచారంటే ఆ రైతుకు గౌరవం. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, తెలిసినట్టు నడిచేది కూడా.

పనికి అడ్డం రాకూడదని మాకు క్లాసులో నేర్పారు. అందుకని నేను వెనకవెనకే నడుస్తూ తీస్తున్నాను. గాలి హోరుకు మైకులో ఏమీ వినిపించడం లేదని సుధాకర్ ఒక కాలర్ మైకును, అంటే చొక్కాకు తగిలించే గింజంత మైకును, ఒక గొర్రెలకాపరి ఇచ్చిన కంబళిముక్కలో చుట్టి జడ్డిగానికి కట్టాడు. గింజలు గిన్నెలో పడే గలగల అప్పుడు వినాలి! వాడు హెడ్‌ఫోన్లు నా చెవికి పెట్టి మురిసిపోయాడు.

కొన్ని సాళ్లయ్యాక, చెయ్యి ఆపకుండానే, తల తిప్పకుండానే నాగక్క కేకేసింది.

"ఏమే పాపా, ఎంతసేపని నా ఈపు తీస్తావ్? ఫోటోలోళ్లు ఎప్పుడొచ్చినా రెడ్డిని తీస్తారు, ఎద్దుల్ని తీస్తారు. నా మొగం యాడన్నా ఉండాదా? దోవకాడికి పోయి ముందర నిలబడు. ఈ తూరి మొగం పడల్ల."

నాకు అంతకంటే ఏం కావాలి? పరుగెత్తుకుంటూ పోయి, చేను అంచున బండిదారి పక్కన నిలబడ్డాను. గొర్రు నా వైపు వచ్చింది. నాగక్క తలెత్తింది. చెమట పట్టిన ముఖంతో సూటిగా కెమెరాలోకి చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. గొర్రు నన్ను దాటిపోయింది. తీసినదంతటిలో ఇంత మంచి షాటు నా దగ్గర ఒక్కటే ఉందని ఆ క్షణమే తెలిసింది.

హైదరాబాదు వెళ్లి రషెస్ చూశాం. రషెస్ అంటే కత్తిరించకముందు తీసినదంతా. మా డైరెక్షన్ సార్ ఆ నవ్వు దగ్గర ఆపించి, "నీ సినిమా ఇదమ్మా. మిగతాదంతా దీనికోసం" అన్నారు. సుధాకర్ మాత్రం మొహం చిట్లించాడు. "ఇక్కడ సౌండ్ పోయిందే. గింజల చప్పుడు ఆగిపోయింది చూడు" అన్నాడు. మైకు వైరు కదిలిందేమో అనుకున్నాం.

మొలకలు తీయడానికి మళ్లీ ఊరికి పోయాను. చేను పచ్చటి గీతలు గీసినట్టుంది. ఒక్క చోట తప్ప. బండిదారి పక్కన, వచ్చే పోయేవాళ్లందరికీ కనిపించే చోట, ఒక మంచం వేసుకోగలిగినంత బోడినేల. గొర్రు వెడల్పున అన్ని సాళ్లూ అక్కడ తెగి, మళ్లీ మొదలయ్యాయి. నేను నిలబడిన చోటికి సరిగ్గా ఎదురుగా.

"చూసినావామ్మా," అన్నాడు ఓబుల్ రెడ్డి పక్కన నిలబడి. "ఇన్నేండ్లలో నాగక్క చెయ్యి తప్పింది ల్యా. ఇప్పుడు తప్పినాది. వయసైపాయ, ఏం జేస్తాం. వచ్చే యేటికి ట్రాక్టరు గొర్రుకు చెప్పుకోవల్ల."

కోపంగా అని ఉంటే బాగుండేది. జాలిగా అన్నాడు. ఆ జాలి ఊరంతా పాకింది. నాగక్క ఆ దారిన నడవడం మానేసి చుట్టు తిరిగి పోతోందని విన్నాను.

సుధాకర్‌కు ఫోన్ చేసి చెబితే వాడికి తోచిన దారి వాడు చెప్పాడు. "కట్‌అవే వేసేద్దాం." కట్‌అవే అంటే ఒక షాటు మధ్యలో ఇంకో వస్తువును చూపించి అతుకు కప్పేయడం. ఆ క్షణంలో ఎద్దుల కాళ్లు చూపించి, గింజల చప్పుడు ఇంకో చోటినుంచి తెచ్చి కింద పరిస్తే, నాగక్క చెయ్యి ఆగినట్టు ఎవరికీ తెలియదు. మా పనిలో ఇది తప్పు కూడా కాదు, రోజూ చేసేదే. కానీ అప్పుడు ఊళ్లో 'వయసైపాయ' అన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే, పనిమీద ఉండి కెమెరాకు నవ్విందనే మాట వస్తుంది. ఏది ఉంచాలో తేల్చే హక్కు నాకు లేదనిపించింది. కెమెరా సంచీ భుజాన వేసుకుని నేరుగా ఆమె ఇంటికి పోయాను.

కెమెరా పక్కనుండే చిన్న తెర తెరిచి చూపించాను. నాగక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లు చికిలించి చూసింది. హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. గలగల, గలగల, ఆపైన ఏమీ లేదు. మళ్లీ గలగల. ఇంకోసారి వెయ్యమంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆగింది నిజమే," అంది. "చెయ్యి నాకి తెల్కుండానే పోతాండాదేమో అనుకుంటి పాపా. ముద్ద కలుపుకునేటప్పుడు గూడా చెయ్యినే చూసుకుంటాంటి. ఇదా సంగతి! నేను నవ్వినా కదా!"

"అక్కా, ఇది తీసేయమంటే తీసేస్తాను."

"ఏంటికి తీసేది? ముసిలిదై తప్పిందనేదానికన్నా, నవ్వి తప్పిందంటే మేలు కదా. నోటితో చెప్తే రెడ్డి నమ్మడు, సాకు చెప్తాందంటాడు. ఊరందరి ముందర చూపీ."

"ఊరంతా నవ్వితే?"

"నవ్వనీ. నేను ముందే నవ్వినా కదా."

బడిలో ఒక గది అడిగి, కరెంటుండే పగటివేళ చూసుకుని, కిటికీలకు కంబళ్లు వేలాడదీసి చీకటి చేశాం. ఓబుల్ రెడ్డి ఇంటి టీవీకే కెమెరా తగిలించాను. గదిలో నిలబడటానికి కూడా చోటు లేదు. నాగక్క మొదటి వరసలో, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఆమె బతుకు నా బొత్తాం కింద ఉన్నట్టనిపించింది.

ఆ షాటు వచ్చింది. గొర్రు కెమెరా వైపు వస్తోంది. ముందు కనిపించింది నాగక్క కాదు, గొర్రు పట్టుకున్న ఓబుల్ రెడ్డి. కెమెరా కంటబడగానే ఆయన ఒక చెయ్యి మేడి పిడి మీద ఉంచి, రెండోది కనుబొమల మీద అడ్డం పెట్టి, ఆకాశంకేసి చూశాడు. నేను నాగక్క ముఖం మీదే దృష్టి పెట్టి, ఫ్రేములో ఆ మూల ఎన్నడూ చూసుకోలేదు. గది గొల్లుమంది. అంతలో నాగక్క తలెత్తి నవ్వింది. గింజల చప్పుడు ఆగింది. జనం నవ్వు కూడా అక్కడే ఆగింది. ఆ గదిలో ఉన్నవాళ్లంతా సేద్యగాళ్లు. ఆ నిశ్శబ్దం ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు.

"మల్ల ఏయమ్మా," అన్నాడు ఓబుల్ రెడ్డి. వేశాను. మొత్తం చూసి, నాగక్క వైపు తిరిగాడు. "నా చేన్లో మంచమంత బోడి పెట్టి నవ్వుతాండావా నాగక్కా!"

"నువ్వు ఆకాశం చూస్తాంటివి కదా రెడ్డీ! ఎనక్కి చూసింటే అప్పుడే తెలిసుండు."

ఈసారి నవ్వులకు కిటికీ కంబళి ఒకటి ఊడి కింద పడింది. ఓబుల్ రెడ్డి నవ్వలేదు. తల గోక్కుంటూ లేచి, తలుపు దగ్గరికి పోయి, అక్కడ తిరిగి అన్నాడు: "వచ్చే యేడు ఆ దోవకాడ నేనే నిలబడతా. ఒగ నరపురుగును గూడా రానియ్యను." ట్రాక్టరు గొర్రు మాట మళ్లీ ఎత్తలేదు. నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికో, ఇంకొకటి దాచుకోవడానికో నేను అడగలేదు.

సినిమాలో ఆ నవ్వును, ఆ నిశ్శబ్దాన్ని, వెంటనే ఆ బోడినేలను వరసగా పెట్టాను. కట్‌అవే వేయలేదు. డిప్లొమా వచ్చింది.

మరుసటి ఏడు వాన పడిందని నాగక్క ఎస్టీడీ బూతు నుంచి కబురు చేయిస్తే వెళ్లాను. కెమెరా తీసుకుపోలేదు. ఓబుల్ రెడ్డి నిజంగానే గొర్రును కూలిమనిషికి అప్పగించి, దారికి అడ్డంగా చేతులు చాచి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఖాళీ చేతులేనా? చూపీ," అని తనిఖీ చేసి మరీ పక్కన నిలబడనిచ్చాడు. గొర్రు మా ముందుకు వచ్చింది. నాగక్క తల వంచే ఉంది.

"పాపా, ఆ పొద్దు నువ్వు నిలబడింది ఈడేనా?"

"ఈడేనక్కా."

"బాగా నవ్వినా కదా?"

"చాలా బాగా నవ్వినావక్కా."

గింజల చప్పుడు ఎక్కడా ఆగలేదు.

ఇప్పటికి ఎన్నో ఊళ్లలో, ఎన్నో పనుల దగ్గర కెమెరా పెట్టాను. మనుషులు రమ్మని పిలిచినా సరే, ముందు వాళ్ల చేతులు చూస్తాను. నాకోసం తలెత్తితే ఆ చేతిలో ఆగిపోయేది ఏమిటి, దానికి రేపు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అని ఆలోచిస్తాను. తీసినదాన్ని బయటివాళ్లకంటే ముందు వాళ్లకు చూపిస్తాను. క్లాసులో ఇవేవీ నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడు మొలకలు చూడటానికి కూడా పోయాను. దారి పొడవునా నడిచాను, వెనక్కి వచ్చి మళ్లీ నడిచాను. సాళ్లు ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా పచ్చగా ఉన్నాయి. ముందటేడు నేను ఎక్కడ నిలబడ్డానో ఎంత వెతికినా గుర్తుపట్టలేకపోయాను.